"మామయ్య నేను రానని చెప్పాడు" – ఇంతకీ రానిది ఎవరు?

గోదారిగట్టు:

భాష గురించిన ప్రశ్నే, కానీ ఇంట్లో గొడవ చెప్పకుండా అడిగితే అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

పోయిన నెల కాకినాడలో మా పిన్ని గృహప్రవేశం. మేం రాజమండ్రి. మా మామయ్య, అంటే అమ్మకి సొంత అన్నయ్య, కడియంలో ఉంటాడు. (మేనమామని ఏకవచనంలో అంటున్నానని ఎవరూ క్లాసు పీకకండి, మా ఇళ్ళలో అంతే.) అందరం కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. కాలవ రోడ్డు మీదుగా పోతూ పొద్దున్నే అయిదున్నరకి కడియంలో మామయ్యనీ అత్తయ్యనీ ఎక్కించుకోవాలని ప్లాను.

ముందురోజు రాత్రి హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. "మామయ్య నేను రానని చెప్పాడు". అంతే, కామా లేదు, చుక్క లేదు, వెనకా ముందూ ఏమీ లేదు.

అమ్మ అది చదివి "చూశావా, అన్నయ్య రాడట, ఆ పొలం గట్టు గొడవ ఇంకా మనసులోనే పెట్టుకున్నాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండి "రాకపోతే మానెయ్యమను" అన్నాను, ఆ రాత్రప్పుడు ఫోన్ చేసి అడుగుదామన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. తెల్లారి ఎలాగూ కడియంలో ఆగే పని లేదు కదా అని డ్రైవరు ఏడీబీ రోడ్డు ఎక్కించేశాడు. పెద్దాపురం దగ్గరికొచ్చాక ఫోను. మామయ్య. ఇద్దరూ గంట నుంచీ కడియం సెంటర్లో నిలబడి ఉన్నారట, అత్తయ్య చేతిలో పిన్నికి పెట్టడానికి తెచ్చిన వెండి కుంకుమ భరిణె. "ఎక్కడిదాకా వచ్చార్రా?" అని అడిగాడు పాపం, మామూలుగానే.

అసలు సంగతేంటంటే రాలేనిది మా తమ్ముడు. వాడికి సెలవు దొరకలేదు. పిన్నితో చెబితే తిడుతుందని మామయ్యకి ఫోన్ చేసి "నువ్వే చెప్పు మామయ్యా" అన్నాడు. మామయ్య పిన్నికి చెప్పాడు. ఆ సంగతే వీడు గ్రూపులో పెట్టాడు. మామయ్య గ్రూపులో లేడు, ఆయనది ఇప్పటికీ బటన్ల ఫోను. పిన్ని ఆ రాత్రి హడావిడిలో గ్రూపే తెరవలేదు. మామయ్యా అత్తయ్యా బస్సుల్లో పడి వచ్చేసరికి పాలు పొంగించడం అయిపోయింది.

ఇప్పుడు తమ్ముడు "నేను అంటే నేనే కదా, నా మెసేజ్‌లో నేను ఇంకెవరవుతారు?" అంటాడు. అమ్మ "చెప్పింది మామయ్య అయినప్పుడు నేను అంటే మామయ్యే" అంటుంది. వీళ్ళిద్దరిలో ఎవరి తెలుగు సరైనది? తెలుగులో ఇలాంటి వాక్యాలు ఇంకా ఉన్నాయా? దయచేసి రాముని తోక జోకు మాత్రం వద్దు, అది మూడో తరగతి నుంచీ వింటున్నాను.

సుద్దముక్క:

ఇద్దరి తెలుగూ సరైనదే, ఇబ్బందంతా అక్కడే.

ఒకరన్న మాటని ఇంకొకరికి చేరవేసేటప్పుడు మనం "అని"తో ముడివేస్తాం. ఆ "అని"కి ముందున్న మాటని చెప్పినవాడి నోట్లోంచి ఊడిపడ్డట్టే ఉంచేయొచ్చు, అప్పుడు "నేను" అంటే మామయ్య. లేదా చేరవేసేవాడు తన వైపు నుంచి మార్చి చెప్పొచ్చు, అప్పుడు "నేను" అంటే మీ తమ్ముడు. ఇంగ్లీషు క్లాసులో డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని రెండు గళ్ళు గీసి నేర్పిస్తారు గుర్తుందా, కొటేషన్ గుర్తులు తీసేశాక "ఐ" కాస్తా "హీ" అయిపోవాల్సిందే, లేకపోతే మార్కులు పోతాయి. మనకి ఆ పట్టింపు లేదు. "ఆవిడ నాకు ఆకలి లేదంది" అని ఎన్నిసార్లు అనుంటాం, ఆకలి లేనిది ఎవరికి అని అడిగినవాళ్ళు నాకైతే తగల్లేదు. ఎదురుగా ఉంటే ముఖం చూసి, గొంతు విని, ముందు జరిగింది తెలిసి అర్థం చేసుకుంటాం. మీ తమ్ముడి మెసేజ్‌కి ఇవేవీ లేవు.

ఈ చిక్కు విప్పడానికి భాషలో ఒక మాట ఉంది, "తను". "మామయ్య తను రానని చెప్పాడు" అని ఉంటే రానిది మామయ్యే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ వాక్యాన్ని దగ్గరగా చూడండి, నాకు భలే ఇష్టమైన చోటు ఇది. "తను" ప్రథమ పురుష. "రాను" ఉత్తమ పురుష. మామూలుగా అయితే "తను రాడు" అనాలి, "తను రాను" అని పిల్లవాడు రాస్తే నేనే ఎర్ర ఇంకుతో కొట్టేస్తాను. కానీ వెనక "అని చెప్పాడు" తగిలించగానే అదే సరైన తెలుగైపోతుంది. పేపర్లో రోజూ చూస్తాం కదా, "తాను పోటీ చేస్తానని ఆయన చెప్పారు" అని. "తాను పోటీ చేస్తారని" అని ఎవరైనా రాస్తే చదవగానే ఎక్కడో గుచ్చుకుంటుంది. అంటే కర్తని మనం మన వైపుకి లాక్కున్నాం, క్రియ మాత్రం చెప్పినవాడి నోట్లోనే ఉండిపోయింది. సగం వాళ్ళది, సగం మనది.

ఇక మీ తమ్ముడు ఎలా రాసుండాల్సింది అంటే, "పిన్నికి" అని చేర్చినా అనుమానం తీరదు, "మామయ్య నేను రానని పిన్నికి చెప్పాడు" అన్నా మీ అమ్మగారు అదే అర్థం తీసుకునేవారు. "నా తరఫున" అన్న ఒక్క ముక్క ఉంటే కడియంలో బండి ఆగేది.

కాఫీలోకాఫీ:

నా ఉద్యోగమే ఇది సార్. తెలుగు వాక్యాలకి ఇంగ్లీషు అనువాదాలు సరిచూసి కంప్యూటరుకి నేర్పించే పని, బెంగళూరులో కూర్చుని రోజంతా "ఎవరు? ఎవరు?" అని తల బాదుకుంటూ ఉంటాను.

మాకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి "వచ్చింది". ఇంట్లోకి అడుగుపెడుతూ "వచ్చిందా?" అంటే చాలు, కరెంటా, పనమ్మాయా, గ్యాస్ బండా, జీతమా, చెల్లెలి రిజల్టా అన్నది వినేవాళ్ళకి తెలుసు. మెషీనుకి తెలీదు. ఏకవచనంలో మనకి ఆడమనిషికీ గేదెకీ బస్సుకీ ఒకటే క్రియ. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్ళు మనుషుల్లో కలిసి "వచ్చారు" అవుతారు, గేదెలూ బస్సులూ "వచ్చాయి" దగ్గరే ఆగిపోతాయి. (దీని మీద మా టీములో అమ్మాయిలు వేసే జోకులు ఇక్కడ రాయలేను.) మొన్న ఒక వాక్యం వచ్చింది: "బాబుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఇంజెక్షన్ ఇచ్చింది, రాత్రికి తగ్గింది." ఇచ్చింది లేడీ డాక్టరు, తగ్గింది జ్వరం. డాక్టరు ఆడమనిషి అని గానీ, తగ్గింది జ్వరం అని గానీ వాక్యంలో ఎక్కడా లేదు చూడండి! మెషీను ఏం చేసిందంటే రాత్రికల్లా డాక్టరమ్మనే సన్నబరిచింది.

కానీ ఒక చోట మనం ఇంగ్లీషు కంటే ఎంతో నయం. మనం, మేము. శుక్రవారం సాయంత్రం మా మేనేజరు ఇంగ్లీషులో "వీ" ఈ శనివారం పని చెయ్యాలి అంటాడు, ఆ "వీ"లో ఆయన ఉన్నాడో లేడో సోమవారం దాకా తేలదు. తెలుగులో అయితే నోరు తెరవగానే దొరికిపోయేవాడు, "మనం" అనాలి, లేదా "మీరు" అనాలి.

ఉప్పుచేప:

అంత సంబరపడకు తమ్ముడూ. మనం, మేము అనే మాటలు నోట్లోంచి వస్తేనే కదా తేడా తెలిసేది, మనకేమో వాటిని మింగేసే అలవాటు. "రేపు సినిమాకెళ్తున్నాం" అని ఫ్రెండు అన్నాడనుకో. నువ్వు ఆ లెక్కలో ఉన్నావా లేవా? మేం వెళ్తున్నాం, మనం వెళ్తున్నాం, రెండిటికీ "వెళ్తున్నాం" ఒకటే. "వెళ్దాం" అంటే నువ్వూ ఉన్నట్టే, అందులో డౌటు లేదు, కానీ ఇక్కడ అన్నది అది కాదే. నేను కాలేజీలో ఉండగా ఇలాగే అనుకుని తయారై రూము బయట కూర్చున్నాను. వాళ్ళు ఫస్ట్ షో చూసి వచ్చి "ఏంట్రా, ఎక్కడికి బయల్దేరావ్?" అన్నారు.

ఇంకోటి. "నేను తాగను." ఇది ఎప్పుడూ తాగననా, ఇవాళ్టికి తాగననా? తెలుగులో అలవాటుకీ రాబోయే దానికీ ఒకటే రూపం. తాగుతాను, తాగను. మా పెద్దక్కకి సంబంధం తెచ్చిన పేరయ్యగారు "అబ్బాయి తాగడండీ" అన్నాడు, మా నాన్న అది అలవాటు అనుకున్నాడు. పెళ్ళయ్యాక తెలిసింది ఏంటంటే ఆయన చెప్పింది పెళ్ళిచూపుల రోజు గురించి. (బావ మంచోడే, ఇప్పుడు మానేశాడు. మానేశాడు అంటే నిజంగానే మానేశాడు.)

హద్దురాయి:

రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా 26 ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. మీరు సరదాగా మాట్లాడుకుంటున్నారు గానీ ఇలాంటి ఒక్క ముక్క మీద అన్నదమ్ములు విడిపోవడం చూశాను.

"డబ్బులిచ్చిన మనిషి" అంటే ఎవరు? డబ్బులు మనకిచ్చినవాడా, మనం ఎవరికి ఇచ్చామో వాడా? "ఈయనే నేను డబ్బులిచ్చిన మనిషి" అంటే తీసుకున్నవాడు. "ఈయనే నాకు డబ్బులిచ్చిన మనిషి" అంటే ఇచ్చినవాడు. ఆ "నేను", "నాకు" తీసేస్తే అప్పులవాడూ బాకీవాడూ ఒకే మాటలో కూర్చుంటారు. "ఇచ్చిన" అన్న మాటకి తన వెనకాల వచ్చే మనిషి ఇచ్చాడో పుచ్చుకున్నాడో చెప్పే గుర్తు ఏదీ లేదు.

ఒకాయన పోయాక ఆయన కొడుకులు ఒక లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పాత లెడ్జరు, నూనె మరకలు, పెద్దాయన గుండ్రటి రాత. మధ్యలో ఒక పేజీలో ఒక పేరు, దాని పక్కన "డబ్బులిచ్చిన మనిషి", దాని పక్కన 40,000. పెద్దవాడు "నాన్న ఈయనకి అప్పిచ్చాడు, వసూలు చేసుకోవాలి" అంటాడు. చిన్నవాడికి అనుమానం, "నాన్నే తీసుకున్నాడేమో, ఆ ఏడు మోటారు కాలిపోయి డబ్బుకి ఇబ్బంది పడ్డాం కదా" అని. ఆ మనిషి దగ్గరికి వెళ్తే ఆయన లోపలికెళ్ళి ప్రోనోటు తెచ్చి చూపించాడు, మీ నాన్నే తీసుకున్నాడు అని. ప్రోనోటు ఎవరి పెట్టెలో ఉంటే వాళ్ళే ఇచ్చినవాళ్ళు, ఇంక దాంట్లో వాదన లేదు. పెద్దాయన రాసుకున్నది తన కోసం. తనకి తెలుసు, ఇంకొకరు చదువుతారని ఆయన అనుకోలేదు.

అందుకే మా దస్తావేజుల భాష చూసి నవ్వుకుంటారు గానీ అందులో ఎవరినీ మింగేయం. ఫలానా వారికి ఫలానా వారు వ్రాసి ఇచ్చిన అని ప్రతి చోటా ఇద్దరి పేర్లూ మోస్తాం. అంకెల్లో రాసి మళ్ళీ "అక్షరాలా నలభై వేల రూపాయలు మాత్రమే" అంటాం. చెక్కులో గానీ ప్రోనోటులో గానీ అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఒకటీ పడితే అక్షరాల్లో ఉన్నదే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్లోనే ఉంది. పైన ఆ బాబు "వచ్చింది" గురించి రాశాడు కదా, చట్టాలు రాసేవాళ్ళకీ అలాంటి చిక్కు ఉంది, "అతడు" అని రాస్తే ఆడవాళ్ళకి వర్తించదని ఎవడో వాదిస్తాడని 1897 జనరల్ క్లాజెస్ చట్టంలో ముందే పెట్టేశారు, పుంలింగంలో రాస్తే స్త్రీలకీ వర్తిస్తుంది, ఏకవచనంలో రాస్తే బహువచనమూ అందులో ఉన్నట్టే అని, సందర్భం వేరుగా ఉంటే తప్ప.

ఫ్లాట్304:

మా అపార్ట్‌మెంటులో సెక్రటరీ లిఫ్టు దగ్గర నోటీసు అంటించాడు. "ఈ నెల మెయింటెనెన్స్ అందరూ కట్టలేదు." ఆయన ఉద్దేశం కొందరే కట్టారు, మిగతావాళ్ళు కట్టండి అని. ఒకటో తారీఖునే కట్టే మా పక్క ఫ్లాటు రిటైర్డు బ్యాంకాయన దాన్ని ఎవరూ కట్టలేదు అని చదివి, రసీదు జిరాక్సు తీసి నోటీసు మీదే అంటించాడు. రెండో రోజు ఇంకో ముగ్గురి రసీదులు. నోటీసు కనపడకుండా పోయింది. "అందరూ కట్టలేదు" అంటే నిజంగానే రెండూ వస్తున్నాయి కదా? ఎన్నిసార్లు చదివినా నాకు ఒకసారి అలా, ఒకసారి ఇలా వినపడుతోంది.

ఇంకొకటి, ఇది నా అజ్ఞానమే అనుకోండి. హాస్టలు నుంచి మొదటిసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ "నాన్నని బజారుకి పంపాలి, బియ్యం నిండుకున్నాయి" అంది. నేను హమ్మయ్య అనుకున్నాను, డబ్బా నిండా ఉన్నాయని. నిండుకున్నాయి అంటే అయిపోయాయి అని నాకు ఇరవై ఏళ్ళొచ్చాక తెలిసింది. ఇంట్లో "లేవు" అనకూడదని అలా అంటారట, దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అన్నట్టు.

ఉప్పుచేప:

అయితే మీ సెక్రటరీగారికి ఇదీ చూపించండి. "నేను కట్నం కోసం పెళ్ళి చేసుకోలేదు." పెళ్ళి అయిందా కాలేదా? అయింది, కానీ కట్నానికి ఆశపడి కాదు అని ఒకటి. కట్నం కుదరక ఇంకా బ్రహ్మచారిగానే ఉన్నాను అని ఇంకొకటి. "కట్నం కోసం" దగ్గర గొంతు నొక్కి పలికితే మొదటిది, కానీ రాతలో గొంతు ఎక్కడ నొక్కుతాం?

సుద్దముక్క:

బాగుంది ఇది, రేపు క్లాసులో వాడుకుంటాను (కట్నం తీసేసి). ఇలాంటి చోట తెలుగు ఒక దారి ఇచ్చింది, వాక్యాన్ని తిరగేయడమే. "నేను పెళ్ళి చేసుకున్నది కట్నం కోసం కాదు." లేదు స్థానంలో కాదు వచ్చింది, పెళ్ళి అయినట్టు తేలిపోయింది. అలాగే "అందరూ కట్టలేదు" బదులు "కట్టింది కొందరే" అని ఉంటే ఆ రసీదుల ప్రదర్శన ఉండేది కాదు.

పుంటికూర:

మీరందరు ఎవరు ఎవరు అని లొల్లి పెడుతున్నరు, మాకు క్రియతోనే తిప్పలు.

మా అక్కను గుంటూరు దిక్కు ఇచ్చినం. పెండ్లయిన కొత్తల ఒకరోజు పక్కింటామె వచ్చి "మీ మామగారు కనపడట్లేదేంటమ్మా" అన్నది. మా అక్క వంట చేసుకుంట "మా మామ పొద్దుగాలనే పోయిండు" అన్నది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకొని "అయ్యయ్యో, ఎలా పోయారమ్మా?" అన్నది. అక్క ఏమో "బస్సుల పోయిండు" అన్నది. ఆమె ఇంకా గట్టిగ "బస్సులోనే పోయారా!" అని ఏడుపు అందుకున్నది. మా దిక్కు పోయిండు అంటే పోయిండే, వెళ్ళాడు అని. వాళ్ళ దిక్కు మనిషిని పోయాడు అన్నరంటే ఇగ కాలం చేసినట్టే. అప్పటి సంది మా అక్క ఆడ వెళ్ళారు అంటది, మా ఇంటికి వస్తే పోయిండు అంటది, మధ్యల బస్సు దిగంగనే మారుస్తది.

ఇగ మా హైదరాబాదోళ్ళ ఉర్దూల పర్సోం అంటే అటు మొన్న కావచ్చు, పదేండ్ల కింద కావచ్చు. మా ఇంటి ఓనరు "పర్సోం సున్నం వేయించినం" అంటె నమ్మి దిగిన. అది ఏ సంవత్సరం పర్సోం అని అడగాల్సి ఉండె.

పద్యంపిచ్చి:

గోదారిగట్టు గారూ, ముందే క్షమించండి, ఆ జోకు చెప్పకుండా ఉండలేను. "రామునితో కపివరుండిట్లనియె" అన్నదాన్ని "రాముని తోక, పివరుండిట్లనియె" అని విడగొట్టిన పిల్లాణ్ణి మనం నవ్వుతాం గానీ వాడి తప్పు ఎంతని? తాటాకు ప్రతుల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, అక్షరాలన్నీ గొలుసులాగా సాగిపోతాయి, ఎక్కడ తుంచాలో చదివేవాడు తేల్చుకోవాలి. ఆ తుంచడం మీదే మనవాళ్ళు మహాకావ్యాలు కట్టారు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు, మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్యాలు, ఇలా విరిస్తే రామాయణం, అలా విరిస్తే భారతం. రామరాజభూషణుడు హరిశ్చంద్రుడి కథనీ నలుడి కథనీ అలాగే ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చాడు. మీ తమ్ముడు ఒకే ముక్కలో రెండు కథలు చెప్పాడు, మీరు తిట్టడం మానేసి సన్మానం చెయ్యండి.

కాఫీలోకాఫీ:

సూరన గారికి రెండు కథలూ కావాలి సార్. వీళ్ళ తమ్ముడికి ఒకటే కావాలి, రెండోది వద్దన్నా వచ్చి కూర్చుంది. మా ఆఫీసులో వీటికి వేరే వేరే డబ్బాలు. "నేను రానని చెప్పాడు" లాంటివి ఒకటి, వీటిలో ఉండేవి కచ్చితంగా రెండే అర్థాలు, అడిగితే ఒకటి నిలుస్తుంది, ఇంకోటి పోతుంది. "ఓ నాలుగైదు రోజుల్లో", "పది పన్నెండు మంది", "కాస్త ఉప్పు" లాంటివి ఇంకో డబ్బా. వీటిని ఎంత అడిగినా తేలవు, ఎందుకంటే చెప్పినవాళ్ళకే తేలలేదు. వీటి కోసం మెషీనుని తిట్టి లాభం లేదు.

గోదారిగట్టు:

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. పద్యంపిచ్చి గారికి తప్ప.

నిన్న రాత్రి ఈ దారం మొత్తం అమ్మకి చదివి వినిపించాను. సుద్దముక్క గారు "ఇద్దరిదీ సరైనదే" అన్నది అమ్మకి నచ్చలేదు. "తను రానని" ముక్క దగ్గర మాత్రం రెండుసార్లు పైకి అనుకుని చూసి "అవును కదా, తను రాడని అనం" అంది. తమ్ముడికి లింకు పంపితే వాడు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టాడు. అది సరే అనా, చదివాను అనా, ఇంక వదిలెయ్ అనా, ఆ డబ్బా ఏదో కాఫీలోకాఫీ గారే చెప్పాలి.

ఇంకో సంగతి. మామయ్య కోపం పోగొట్టాలని ఈ ఆదివారం భోజనానికి పిలిచాను, ఈసారి గ్రూపులూ గీపులూ లేకుండా నేనే ఫోన్ చేసి. "వస్తాంలే" అన్నాడు. నేను ఆనందపడి పెట్టేశాను. పెట్టేశాక ఉప్పుచేప గారు గుర్తొచ్చారు. వస్తాం అంటే మామయ్యా అత్తయ్యా ఇద్దరేనా, బావా వాళ్ళావిడా పిల్లలూ కూడానా? పిల్లలకి సెలవులిచ్చారని మాట మధ్యలో అన్నాడు మరి. మళ్ళీ ఫోన్ చేసి ఎంతమంది వస్తారు అని అడిగితే, పిలిచి లెక్కలేసుకుంటున్నారు అనుకుంటాడని అమ్మ భయం. ఆరుగురికీ వండేద్దామంటోంది, అన్నం మిగిలితే రాత్రికి పులిహోర కలిపేస్తుందట.